చెవిటి మైకు

మా చెల్లెలి కూతుర్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. అందరికీ అది గంట. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ నిలబడిందో చెప్పే ఉద్యోగం చేసేది. చెప్పబోయే ముందు టింగుటాంగుమని మోగడానికి అక్కడొక యంత్రం ఉండేది. ఇది చేరిన కొత్తలోనే అది చెడిపోయింది. బాగు చేయిస్తాం, చేయిస్తాం అంటూ ఆఫీసర్లు మారారు గానీ యంత్రానికి పట్టిన జబ్బు వదల్లేదు. ఇక లాభం లేదని ఇదే నోటితో టింగుటాంగుమని మోగి, ఆ తర్వాత బస్సు సంగతి చెప్పేది. ప్రయాణికులకు తేడా తెలిసేది కాదు. ఇంట్లోవాళ్ళం ఊరుకుంటామా, గంట అని పేరు పెట్టేశాం.

ఏ ఉద్యోగమైనా మనిషికి ఒక వంకర పెట్టి పోతుంది. దీని మొగుడు టైలరు. ఇంటికి ఎవరొచ్చినా మొహం చూడడు, భుజాలు చూస్తాడు. ఇదేమో ఏ మాటైనా రెండుసార్లు చెబుతుంది. "భోజనానికి లేవండి, భోజనానికి లేవండి." ఒకసారే చెబితే బస్సు తప్పిపోయేవాళ్ళుంటారట. రెండో వంకర ఇంకొకటుంది. మైకు కనిపిస్తే చాలు, ఇది మూరెడు వెనక్కి జరుగుతుంది. బస్టాండు గదిలో మైకు ఒక్కటే, దాని ముందు వంతులవారీగా మాట్లాడే ఆడవాళ్ళు నలుగురు. ఒకరికి జలుబు చేస్తే నలుగురికీ అంటుకునేది. అందుకని వాళ్ళలో వాళ్ళే ఒక కట్టుబాటు చేసుకున్నారు. మైకుకి మూతి ఆనించకూడదు, మూరెడు దూరంలో కూర్చుని గొంతు విసరాలి. కొత్తగా చేరినదానికి మొదటిరోజే మోచెయ్యి చాపించి దూరం కొలిచి చూపించేవారట. ఈ సంగతి ముందే చెప్పి పెడుతున్నాను. మా ఇంటికొచ్చిన తంటా అంతా ఆ మూరెడు జాగాలోనే ఉంది.

ఒకనాడు బస్టాండు వాళ్ళు దాన్ని ఒక గదిలో కూర్చోబెట్టి ఊళ్ళ పేర్లూ, అంకెలూ అన్నీ చదివించుకున్నారు. పొంగిపోయి చదివింది. ఆ ముక్కలన్నీ అతికించుకుని కంప్యూటరు తనంతట తనే చెప్పుకోవడం మొదలుపెట్టాక నలుగుర్నీ ఇంటికి పంపేశారు. ఇప్పటికీ బస్టాండుకి వెళితే దీని గొంతే వినిపిస్తుంది. జీతం మాత్రం రాదు.

"నా గొంతు అక్కడ వెట్టిచాకిరీ చేస్తోంది పెద్దమ్మా" అంది ఒకసారి. ఆ మాట మాత్రం రెండోసారి అనలేదు.

నేనూ వాళ్ళింట్లోనే ఉంటాను, అయినా ఊరికే కూర్చుని తినేదాన్ని కాదు. అల్లుడు కుట్టిన చొక్కాలకి కాజాలు తీసేది నేనే, గుండీలు కుట్టేది నేనే. బళ్ళో రెండో తరగతి దాటలేదు గానీ నా కాజా దారం లాగి చూడండి, ఊడితే అడగండి. ముందు గదిలో అతని తొక్కుడు మిషను, దాని పక్కన నా పీట. వెనక గదిలో మంచం, బీరువా, ఓ మూల వంట. గోడకి అవతల రేకు డబ్బాలకి మాట్లు వేసే కొట్టు. నెత్తిమీద పై వాటా వాళ్ళ నీళ్ళ మోటారు. ఇదీ ఇల్లు.

అల్లుడికి కుడి మోకాలు పాడైంది. రోజంతా మిషను తొక్కి, సాయంత్రం గోడ పట్టుకుని లేచేవాడు. మిషనుకి కరెంటు మోటారు బిగిస్తే కాలికి పని తప్పుతుందని కొంచెం కొంచెం వెనకేసి, కత్తెర్ల సొరుగులో ఓ గుడ్డసంచిలో పెట్టుకున్నాడు. మోటారు డబ్బులు అంటే ఆ ఇంట్లో ఎవరూ ముట్టుకోని డబ్బులని అర్థం.

అలాంటి రోజుల్లో పుస్తకాలు చదివి వినిపించే కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. దీనితోపాటు ఉద్యోగం పోయిన ఇంకో ఆవిడ దీని సంగతి చెప్పిందట. ఇంట్లోనే కూర్చుని చదవచ్చు, ఎంత చదివితే అంత కూలి. కాకపోతే ముందుగా వాళ్ళు పంపే కథలో ఒక అధ్యాయం చదివి, శనివారం చీకటి పడేలోపు ఫోన్లో పంపాలి. ఒక్కటే అవకాశం. బాగుంటే పుస్తకం ఇస్తారు, లేకపోతే లేదు.

"ఫోన్లోనే మాట్లాడి పంపితే సరిపోదా అండీ?" అని అడిగింది ఇది.

"సరిపోదండీ. మంచి మైకు ఉండాలి. చదివే గొంతు తప్ప ఇంకేమీ వినపడకూడదు" అంది ఆ అమ్మాయి.

ఫోను పెట్టేశాక అల్లుడు మిషను ఆపి, దారం తెంపి, సొరుగు లాగాడు. గుడ్డసంచి తీసి దాని ఒళ్ళో పెట్టాడు.

"వద్దండీ. వద్దు" అంది ఇది.

"మోకాలు ఎక్కడికీ పోదులే, ఇక్కడే ఉంటుంది. నెగ్గితే నీ కూలితోనే మోటారు కొందాం."

"నెగ్గకపోతే?"

అతను మళ్ళీ పెడలు మీద కాలు పెట్టాడు. అప్పుడే అనుకున్నాను, ఈ మైకు తప్పయిందంటే ఈ ఇంట్లో ఒక కాలూ, ఒక గొంతూ రెండూ పోతాయని.

మైకు కొనడానికి నేనూ వెళ్ళాను. అది మెతక మనిషి, కొట్టువాడు కాసిని తియ్యటి మాటలు చెబితే చెప్పులు కూడా వదిలేసి వస్తుంది. మైకులూ స్పీకర్లూ అమ్మే కొట్టు అది. పెద్ద పెద్ద స్పీకర్లు అద్దెకి కూడా ఇస్తాడట, ఓ గోడంతా అవే, దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. కొట్టాయనకి నడివయసు, కళ్ళజోడు దారంతో మెళ్ళో వేలాడుతోంది.

"ఎంతలో కావాలి మేడం?"

ఇది సంచిలో ఉన్నదంతా చెప్పేసింది. నేను మోచేత్తో పొడిచినా ఆగలేదు. బేరానికి వెళ్ళి ముందే సంచి విప్పేవాళ్ళని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆయన మూడు రకాలు బల్లమీద పెట్టాడు. మొదటిది చొక్కాకి తగిలించుకునేది, గుండీ అంత ఉంది. అన్నిటికన్నా చవక. గంట అది పైటకి తగిలించుకుని రెండు మాటలు మాట్లాడింది. వింటే మాటకన్నా గుడ్డ రాపిడే ఎక్కువ వినిపించింది, ఎవరో ఎండుటాకుల మీద నడుస్తున్నట్టు. దాన్ని పక్కన పెట్టాం. రెండోది బొద్దుగా, నల్లగా, పాటగాళ్ళు చేత్తో పట్టుకునే రకం. మూడోది తళతళలాడే గొట్టం, కాలు కూడా దానికే ఉంది, తిన్నగా ఫోనుకి తగిలించుకోవచ్చు.

"రండి, లోపల మాట్లాడి చూడండి" అని కొట్టు వెనక అద్దాల గదిలోకి తీసుకెళ్ళాడు. గోడలకి స్పాంజీలు అతికించి ఉన్నాయి. తలుపు వేస్తే చాలు, మన ఊపిరి మనకే వినిపించేంత నిశ్శబ్దం. గంట బస్టాండులో కూర్చున్నట్టే కూర్చుంది, మైకుకి మూరెడు దూరంలో. నల్లదానిలో మాట్లాడితే ఎక్కడో నూతిలోంచి పిలుస్తున్నట్టు వచ్చింది. అది గొంతు పెంచింది. అయినా అంతే.

"చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావని అడిగాడట" అన్నాను. "ఇది అక్కర్లేదు, తీసెయ్యి నాయనా."

తళతళలాడేదానిలో అదే దూరం నుంచి మాట్లాడితే దాని గొంతు తేనె పోసినట్టు వచ్చింది. గంట కళ్ళు మెరిశాయి.

"చూశారా మేడం! ఇది చీమ నడిచినా పట్టేస్తుంది" అన్నాడు కొట్టాయన.

"చీమ నడిస్తే మాకెందుకయ్యా? చీమ కథ చెబుతుందా?"

అందరం నవ్వాం. ఆ నవ్వులో అసలు మాట కొట్టుకుపోయింది. సంచి ఖాళీ అయింది. బిల్లు ఇస్తూ ఆయన చెప్పాడు: డబ్బు వాపసు ఇవ్వడు, ఈ వారంలోపు తెస్తే వేరే సరుకు ఇస్తాడు, అదీ అట్టపెట్టె, లోపలి సామానూ కొన్నవి కొన్నట్టే ఉంటేనే. ఇంటికొచ్చాక ఆ పెట్టెని నేనే చిరక్కుండా విప్పి, బీరువా మీద పెట్టాను.

ఆ మధ్యాహ్నం వెనక గది తలుపు వేసుకుని గంట మొదటిసారి చదివింది. తర్వాత ముగ్గురం మంచం మీద కూర్చుని ఫోన్లో విన్నాం.

టింగుటాంగు అని మొదలైంది. అలవాటు! అల్లుడు పక్కున నవ్వాడు. ఆ తర్వాత నవ్వలేదు.

చీమ సంగతి దేవుడెరుగు, వీధి వీధంతా దానిలోకి నడిచొచ్చింది. మాట్లు వేసేవాడి సుత్తి టంగుటంగుమంది. పై వాటా నీళ్ళ మోటారు రొదపెట్టింది. ఎవరింట్లోనో కుక్కర్ కూసింది. పాత సామాన్లు కొనేవాడు వీధి చివర నుంచి మొదలుపెట్టి మా గుమ్మం దాకా వచ్చి, బేరమాడి, వెళ్ళిపోవడం కూడా వినిపించింది. అన్నిటికీ అడుగున మా మిషను దడదడలాడుతూనే ఉంది. వీటి మధ్య గంట కథ చదువుతోంది, సంతలో తప్పిపోయిన పిల్లలాగా.

"ఆ రంపం ఎవరిది? ఎవరో కలప కోస్తున్నారు" అన్నాడు అల్లుడు.

గంట తల వంచుకుంది. "పెద్దమ్మ. కునుకు తీస్తోంది."

"నేను గురక పెట్టను" అన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

మర్నాడు అది మంచం మీది దుప్పట్లన్నీ కిటికీలకి కట్టింది. బీరువా తలుపులు తెరిచి, చీరల మధ్య తల దూర్చి చదివింది. కుట్టి ఇస్త్రీ చేసిన బడిపిల్లల చొక్కాల మూటల్ని చుట్టూ గోడలా పేర్చుకుని మధ్యలో కూర్చుంది. బొంత కప్పుకుని లోపల చదివితే చెమటలు కారి చదివే కాగితాలు తడిశాయి. ఏం చేసినా ఆ తళతళలాడే గొట్టం సుత్తినీ వదల్లేదు, మోటారునీ వదల్లేదు. వాటికన్నా పైకి వినపడాలని ఇది గొంతు పెంచేది. గొంతు పెంచితే కథలో భయంతో మాట పెగలని ఆడమనిషి కూడా బస్సు బయల్దేరుతున్నట్టు మాట్లాడేది.

చివరికి మొగుణ్ణి అడిగింది, మిషను ఆపమని. పాపం అతను ఆపాడు. ఆ రోజంతా ఆపాడు. కానీ మిషను ఆగితే సుత్తి ఆగిందా? మరో పక్క బడిపిల్లల చొక్కాలు కూడా శనివారానికే ఇవ్వాలి. తెల్లారి బడి గుమాస్తా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం మాస్టారూ, మిషను చల్లగా ఉంది? పిల్లల్ని బనీన్లతో పంపమంటారా?"

"శనివారం ఇస్తానండీ, మాటంటే మాటే" అన్నాడు అల్లుడు. గుమాస్తా వెళ్ళాక మిషను వైపు నడిచాడు.

"ఇంకో పూట ఆపండి" అంది గంట. "ఇంకో పూట."

"ఒకసారి చెబితే నాకు వినపడుతుందే! నేనేమన్నా బస్సు ఎక్కడానికొచ్చానా?"

"నేనేమన్నా సరదాకి అడుగుతున్నానా?"

"మోటారు ఇచ్చాను. మిషను కూడా ఇమ్మంటున్నావు. ఈ పని పోతే బడివాళ్ళు ఇంకో ఏడు నా గుమ్మం ఎక్కుతారా? నీ గొంతు కోసం నా చేతులు కట్టేసుకోమంటావా?"

"అయితే నా గొంతు నొక్కెయ్యండి, పీడా పోతుంది!"

"నోర్ముయ్యండిద్దరూ!" అన్నాను. మూశారు గానీ, మూసిన నోళ్ళే ఎక్కువ భయం పుట్టించాయి. అల్లుడు వెళ్ళి మిషను ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టాడు. ఒక్కో అడుగుకీ మొహం చిట్లించుకుంటున్నాడు. ఇది వెనక గదిలోకి పోయి దుప్పటి కప్పుకుని, ఆ చప్పుడు మీదనుంచే చదవబోయింది. సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది. వేడినీళ్ళు ఇచ్చాను, తాగింది. రేపు గడిస్తే శనివారమే.

మర్నాడు పొద్దున్నే నేను మిషను పక్కన పీటమీద కూర్చుని కాజాలు తీస్తున్నాను. మిషను మహా జోరుగా నడుస్తోంది. నాకు ఎడమ చెవి కొంచెం మందం. చెవుడు కాదు, మందం. దూరపు చప్పుళ్ళు ఆ చెవికి ఎక్కవు, అంతే. గంట వచ్చింది. అరిచి చెప్పడానికి దాని దగ్గర గొంతు లేదు. అందుకని ఒంగి, నా ఎడమ చెవికి పెదవులు ఆనించి, గుసగుసగా అంది:

"నా వల్ల కాదని కంపెనీ అమ్మాయికి ఫోన్ చేసేస్తాను పెద్దమ్మా."

"చెయ్యి. చేసి జీవితాంతం మీ ఆయన మోకాలు చూస్తూ కూర్చో" అన్నాను సూది మీంచి కళ్ళెత్తకుండా.

అది కదల్లేదు. "నీకు వినపడిందా?"

"చెవిలో నోరు పెట్టి చెబితే వినపడక చస్తుందా?"

"మిషను నడుస్తోంది కదా!"

"మిషను చెవిలో లేదుగా. నువ్వున్నావు."

"సుత్తి? సుత్తి వినిపిస్తోందా?"

"ఏ సుత్తి?" అన్నాను. నిజంగానే ఆ చెవికి సుత్తి లేదు.

అది నిటారుగా నిలబడింది. బస్సు బ్రేకులు పోయాయని చెప్పాల్సొచ్చినట్టు మొహం పెట్టింది. ఆ తర్వాత మళ్ళీ ఒంగింది.

"పెద్దమ్మా, నాకు నీలాంటి మైకు కావాలి."

"నాలాంటిదంటే?"

"చెవిటిది."

మిషను టక్కున ఆగింది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉన్న అల్లుడికి నవ్వాలో, సూదులు మింగాలో తెలియలేదు. నేను ఆడపిల్లని కొట్టేదాన్ని కాదు కాబట్టి అది బతికిపోయింది. కానీ అది చెబుతున్నది నాకూ అర్థమైంది. కొట్లో మేం చెవిటిదని తోసేసిన ఆ నల్లటి మైకు! దానికి దూరపుది వినపడదు. మా దరిద్రమంతా దూరపుదే. మూతి దాని దగ్గరికి తీసుకెళితే చాలు. మూరెడు దూరం కూర్చుని గొంతు విసిరి చూసి, అది పనికిరాదని మేమే తీర్పు చెప్పేసి వచ్చాం.

గబగబా బీరువా మీంచి పెట్టె దింపాను. మూత తీసి చూద్దును కదా, లోపల మైకు కింద ఉండాల్సిన స్పాంజీ లేదు.

"స్పాంజీ ఏది?"

అల్లుడు కొలతబల్ల వైపు చూశాడు. అక్కడుంది స్పాంజీ, ముళ్ళపందిలా, నిండా గుండుసూదులతో.

"మెత్తగా ఉంది కదా అని..." అన్నాడు.

టైలర్ని ఇంట్లో పెట్టుకుని మెత్తటి వస్తువు బయట వదలడం మాదే తప్పు. సూదులన్నీ పీకి, నలిపి, ఊది, స్పాంజీని తిరగేసి పెట్టెలో పెట్టాం. దారిపొడుగునా గంట ఆ పెట్టెని పొత్తిళ్ళలో బిడ్డలా పట్టుకుంది. మార్చుకోకపోతే రెండో మైకు కొనడానికి ఇంట్లో పైసా లేదు.

కొట్టాయన పెట్టె తెరిచి, మైకు తిప్పి చూశాడు. బాగుంది. పెట్టె చూశాడు. బాగుంది. స్పాంజీ తీసి వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు.

"ఇదేంటమ్మా, జల్లెడా?"

గంటకి గొంతు లేదు, ఉన్నా పలికేది కాదు. నేనే అందుకున్నాను.

"నువ్వు అమ్మింది మైకా, స్పాంజీయా?"

"మామ్మగారూ, రేపు ఇంకొకాయన ఇదే పెట్టె తెరిచి, వాడిన సరుకు అంటగట్టానని నన్ను తిట్టడూ?"

ఆయన మాట న్యాయమే. అదే నాకు భయం వేసింది. అన్యాయం మాట్లాడేవాడితో ఎంతసేపైనా పోట్లాడగలను. న్యాయం మాట్లాడేవాడితో ఏం చెయ్యను? గోడ వైపు చూశాను. దుమ్ము కొట్టుకున్న స్పీకర్లు కనిపించాయి.

"అద్దెకిచ్చే సరుకుని అలా దిగంబరంగా నిలబెట్టావేమయ్యా? వీటికి తొడుగుల్లేవూ?"

"కుట్టేవాళ్ళు ఎవరమ్మా? మూలలు సరిగ్గా రావు ఎవరికీ."

"మా అల్లుడికి వస్తాయి. గుడ్డ నువ్వియ్యి, కుట్టుకూలి అక్కర్లేదు. ఆ స్పాంజీ చిల్లులకి ఈ తొడుగులు చెల్లు."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని నన్ను చూశాడు, స్పీకర్లని చూశాడు. "సరే" అన్నాడు. కానీ ఇంకో మెలిక పెట్టాడు. నల్లది తిన్నగా ఫోనుకి తగలదట, మధ్యలో ఒక చిన్న డబ్బా కావాలట. రెండూ కలిపితే అదే ఖరీదు. వాపసు ఏమీ రాదు. అన్యాయమని నోటిదాకా వచ్చింది. గంట నా చెయ్యి నొక్కింది.

"ముందు చూస్తాను. ఆ గదిలో కాదండీ. ఇక్కడ" అని, మైకు పట్టుకుని కొట్టు గుమ్మంలోకి వెళ్ళి, వాహనాలన్నీ పోతున్న వీధి వైపు తిరిగి నిలబడింది. మైకుకి పెదవులు తగిలించి, ఉన్న కాస్త గొంతుతో, గుసగుసగా రెండు ముక్కలు చెప్పింది. కొట్టాయన వినిపించాడు. వీధి ఎక్కడో అడుగున నీడలా ఉంది. దాని గొంతు మాత్రం పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. పెదవులు దగ్గరైనప్పుడు ఊపిరి ఫట్‌మని కొడుతోందని దానికో స్పాంజీ టోపీ కూడా పెట్టాడు. దానికి చిల్లులు పొడవద్దని నాకు చెప్పాడు కూడా.

శనివారం మధ్యాహ్నం. ముందు గదిలో మిషను ఆగకుండా నడుస్తోంది, బడి చొక్కాలు ఇంకా మిగిలే ఉన్నాయి. అవతల సుత్తి. పైన మోటారు. రాత్రంతా నోరు విప్పకుండా ఉండి, గంట కొంత గొంతు మిగుల్చుకుంది. చదవడం మొదలుపెట్టింది. నాలుగు వాక్యాలు కాకుండానే దాని తల వెనక్కి జరిగింది. మళ్ళీ మొదలు. మళ్ళీ జరిగింది. ఏళ్ళ తరబడి పట్టిన అలవాటు, మనసు చెప్పినా మెడ వినదు. నేను వెనకనుంచి దాని తల పట్టుకుని మైకు మీదికి నొక్కాను. నొక్కితే గొంతు కూడా నొక్కుకుపోయింది.

"నా వల్ల కావట్లేదు పెద్దమ్మా. మైకుని చూస్తే జనం కనిపిస్తున్నారు."

పొద్దు వాలుతోంది. ఇక నేనే మైకు లాక్కుని, గంటకి ఎదురుగా కూర్చుని, నా ఎడమ చెవి పక్కన పెట్టి పట్టుకున్నాను.

"మైకు సంగతి వదిలెయ్. నిన్న నా చెవిలో ఎలా చెప్పావో అలా చెప్పు."

అది ఫోను మీద వేలు నొక్కింది. తర్వాత ఒంగింది. మొదలుపెట్టింది. టింగుటాంగు లేదు. ఏ వాక్యమూ రెండోసారి చదవలేదు. చెవిలో చెప్పే మాట రెండుసార్లు చెప్పక్కర్లేదు కదా.

ఇన్నాళ్ళూ రొదలో ముక్కలు ముక్కలుగా విన్న కథ నాకు అప్పుడు తిన్నగా వినపడింది: ఒక ఒంటరి ఆడమనిషి. బయట గాలివాన. ఎవరో తలుపు కొడుతున్నారు, చచ్చిపోయిన మొగుడి గొంతుతో పిలుస్తున్నారు. నాకు చెయ్యి లాగేస్తోంది. మెడ పట్టేసింది. గొంతులో గరగర మొదలైంది, దగ్గొస్తోంది. దగ్గితే మొత్తం పోతుంది, మళ్ళీ చదవడానికి దానికి గొంతుండదు, పొద్దుండదు. పైటకొంగు నోట్లో కుక్కుకున్నాను. కళ్ళవెంట నీళ్ళు కారాయి. అది చూసింది గానీ ఆపలేదు, మంచి పని చేసింది. ఆ ఆడమనిషి లేచింది. గడియ మీద చెయ్యి వేసింది. తియ్యకే, బుద్ధిలేనిదానా, తియ్యకు అని అరవాలనిపించింది. జన్మలో ఇంతసేపు నోరు మూసుకుని కూర్చున్నది అదే మొదలు. గడియ కిర్రుమంది. అధ్యాయం అయిపోయింది.

గంట ఫోను మీద వేలు పెట్టి ఆపింది. అప్పుడు దగ్గాను. ఇల్లు ఎగిరిపోయేలా దగ్గాను. ముందు గదిలోంచి అల్లుడు మిషను వదిలేసి పరిగెత్తుకొచ్చాడు, కుంటుతూనే.

కిటికీలో వెలుగు పలచబడుతుండగా ఫోన్లో పంపింది. ఆ గుండ్రటి గీత తిరిగి తిరిగి నిండేదాకా ముగ్గురం దాన్నే చూస్తూ నిలబడ్డాం. గుమాస్తా వచ్చి చొక్కాలు పట్టుకుపోయాడు. అతను ఎప్పుడొచ్చాడో, ఏమన్నాడో నాకు గుర్తులేదు.

జవాబు రావడానికి పట్టిన రోజుల్లో ఆ ఇంట్లో ఎవరూ మైకు మాటెత్తలేదు. అల్లుడు స్పీకర్లకి తొడుగులు కుట్టాడు. గంట ఏ మాటైనా ఒక్కసారే చెప్పడం మొదలుపెట్టింది, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఫోను వచ్చినప్పుడు అది అంట్లు తోముతోంది. తడిచేత్తోనే ఎత్తింది. కంపెనీ అమ్మాయి గొంతు నాక్కూడా వినిపించింది.

"విన్నానండీ. అడుగున సన్నగా ఏదో దడదడలాడుతోంది. వర్షమా?"

గంట మొహం పాలిపోయింది. అబద్ధం చెప్పెయ్యవే, కథలో గాలివాన ఉందిగా అనుకున్నాను.

"కాదండీ" అంది అది. "మా ఆయన కుట్టుమిషను."

అవతల ఆ అమ్మాయి ఆ ముక్క మళ్ళీ పెట్టి విన్నట్టుంది.

"సరేలెండి, చెవి రిక్కిస్తే గానీ తెలియదు. చాలా దగ్గరగా కూర్చుని చెప్పినట్టు చదివారు, మాకు కావల్సింది అదే. ఈసారి మాత్రం మిషను లేని పూట చూసుకుని చదవండి. ఆ కథ పుస్తకం మొత్తం పంపిస్తున్నాం."

ఇది ఫోను పట్టుకుని అలాగే నిలబడింది. చేతుల్లోంచి సబ్బునీళ్ళు కారుతున్నాయి. వాకిట్లోంచి అల్లుడు అడిగాడు, ఏమైందే అని. అప్పుడు నోరు తెరిచి టింగుటాంగు అంది.

ఆ అధ్యాయానికి కూలి చేతికొచ్చినప్పుడు అల్లుడు మైకు పెట్టుకునే స్టాండు కొనుక్కొస్తానన్నాడు. అత్తయ్యకి చెయ్యి లాగుతోంది కదా అన్నాడు. ముందు నీ మోటారు కొనుక్కో అన్నాను. స్టాండుకి తొందరేం లేదు, మిగతా కథ కూడా నా చెవిలోనే చదవనీ. ఆ గడియ తీశాక బయట ఎవరున్నారో నాకు ఇంకా తెలియనే లేదు.